ఎదురేగమ్మ కనుమలో దోసిలి నీళ్ళు

బండమీదిపల్లె నుంచి ఉత్తరంగా బయలుదేరే బాట ఎర్రనేల చేల మధ్య కొంతదూరం సాగి, మెల్లగా కొండల్లోకి ఎక్కి, రెండు గుట్టలు దగ్గరికి జరిగినట్టుండే ఒక ఇరుకులోకి దూరుతుంది. ఆ ఇరుకు మొదట్లో, బాటకు కుడిచేతివైపు, నాలుగు రాతి స్తంభాల మీద పరచిన నాపరాళ్ళ కప్పు కింద ఎదురేగమ్మ తల్లి కొలువై ఉన్నది. ఇక్కడ గోపురం లేదు. గుడికి తలుపులు కూడా లేవు. ఎండైనా వానైనా బాటన పోయేవారందరికీ అమ్మవారు కనబడుతూనే ఉంటుంది. బస్సులు ఊరిదాకా వస్తాయి. అక్కడినుంచి నడక, లేదా జాతర రోజుల్లో ట్రాక్టర్లు.

మొదటిసారి వచ్చిన భక్తులు విగ్రహాన్ని చూసి కాస్త తికమక పడటం సహజం. గ్రామదేవతలు సాధారణంగా ఊరివైపు చూస్తూ ఊరిని కాపాడుతుంటారు. ఈ తల్లి వీపు ఊరివైపు ఉన్నది, ముఖం ఉత్తరపు బాటవైపు ఉన్నది. చేతిలో శూలం లేదు, కత్తి లేదు. ఎడమచంకన నీళ్ళబిందె ఉన్నది. కుడిపాదం ఒక అడుగు ముందుకు పడి ఉన్నది. "అమ్మ మనల్ని విడిచి పోతున్నట్టుందే!" అని అడిగినవారికి పూజారులు తరతరాలుగా ఒకే సమాధానం చెబుతారు. "పోవడంలేదు నాయనా, ఎదురు పోతాంది. తీసకరావడానికి."

ఎవరికి ఎదురు వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది అన్నదే ఈ స్థల పురాణం. ఊరి పెద్దల నోట విన్నది విన్నట్టు ఇక్కడ వ్రాయడమైనది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఈ చోటును అప్పట్లో ఇరుకుకనుమ అనేవారు. సీమను పాళెగాళ్ళు ఏలుతున్న కాలమది. ఊరికి అవసరం వచ్చినప్పుడు ఆయుధం పట్టి నిలబడే బంట్లను కట్టుబడివాళ్ళు అనేవారు. మామూలు రోజుల్లో వాళ్ళూ అందరిలాగే సేద్యం చేసుకునేవారు, గొర్రెలు కాసుకునేవారు. డప్పు మోగితే ఈటె, వడిసెల తీసుకుని బయలుదేరేవారు. అట్లాంటి కట్టుబడివాళ్ళలో గాదిలింగడు ఒకడు. పొడుగు మనిషి, మాట తక్కువ. పెళ్ళయి ఏడాది తిరగలేదు. భార్య సంజమ్మ నిండు నెలలతో ఉన్నది.

ఒక ఎండాకాలం ఉత్తరాది నుంచి పెద్ద దండు బయలుదేరి, దారిలో ఊళ్ళను తగలబెట్టుకుంటూ వస్తున్నదని కబురు వచ్చింది. దండు ఇటు దిగాలంటే ఇరుకుకనుమ దాటాలి. ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను, పశువులను దక్షిణాన అడవిలోకి చేర్చడానికి ఊరికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి సంపాదించడానికి కట్టుబడివాళ్ళు కనుమకు బయలుదేరారు. గాదిలింగని పక్కన అతని ఈడువాడైన గిడ్డయ్య నడిచాడు. గిడ్డయ్య తల్లి ఎల్లక్కకు అతడొక్కడే కొడుకు. ఆ పూట ఆమె అడవికి పోయే గుంపులో పశువులను తోలుకుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది.

కనుమలో బంట్లు రాళ్ళు అడ్డంగా పేర్చి నిలబడ్డారు. దండు ఎంత పెద్దదైనా ఆ ఇరుకులో నలుగురైదుగురికి మించి పక్కపక్కన నడవలేరు. అందువల్ల ఆ కొద్దిమంది దండును ఆపగలిగారు. అయితే ఆపినవారిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఈలోగా ముందుగా వచ్చిన వానలకు వంకలు పొంగి, దండు ఇటు దిగడం మానుకుని పడమరకు మళ్ళింది. బండమీదిపల్లెలో ఒక్క ఇల్లు కాలలేదు. అడవికి పోయినవాళ్ళందరూ పిల్లలతో, పశువులతో క్షేమంగా ఇళ్ళు చేరుకున్నారు.

అట్లా మళ్ళేముందు దండు చాలాకాలం కనుమకు ఆవలే విడిది చేసి ఉండటంతో ఎవరూ అటు పోలేకపోయారు. తరువాత పోయి చూసినవారికి ఎవరి ఎముకలు ఎవరివో తెలియలేదు. వారు భయపడి తిరిగి వచ్చేశారు. ఊరి పొలిమేరలో, పోయిన ప్రతి బంటుకూ ఒక వీరగల్లు నిలబెట్టారు. ఒక్కొక్క రాతి మీద గుర్రం, ఈటె, సూర్యచంద్రులు చెక్కించారు. ఉగాది వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం నాడు గ్రామదేవత పెద్దమ్మను పల్లకిలో ఆ రాళ్ళ దగ్గరకు తెచ్చి, అభిషేకం చేసి, జాతర చేయడం మొదలుపెట్టారు. కనుమలో చివరి మనిషిదాకా పోరాడి ఒరిగారని పాటలు కట్టారు. కనుమ ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. బాట కంపచెట్లతో మూసుకుపోయింది.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి.

ఒకనాటి సాయంత్రం ఆ కంపచెట్లను తప్పించుకుంటూ ఉత్తరం నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. ఎడమకాలు ఈడ్చి నడుస్తున్నాడు. గడ్డం నెరిసింది. అతడు గాదిలింగడు. యుద్ధంలో తొడకు దెబ్బ తగిలి స్పృహ తప్పి పడినవాణ్ణి దండువాళ్ళు ఈడ్చుకుపోయి, ఫిరంగి బండ్లు లాగే పనిలో పెట్టారు. ఆ దండు ఏ దేశం పోతే ఆ దేశం పోయాడు. చివరికి ఎక్కడో వాళ్ళ దొర ఓడిపోయి, మనుషులు చెల్లాచెదురైనప్పుడు బయటపడి, అడిగి అడిగి దారి తెలుసుకుంటూ వచ్చాడు. కనుమలో తనవాళ్ళు పడిన చోట కొంతసేపు కూర్చున్నాడు. తరువాత ఊరివైపు దిగాడు.

పొలిమేరలో కొత్తగా కనబడిన రాళ్ళ వరుసను చూసి ఆగాడు. ఒక రాతి ముందు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్న ఆడపిల్ల కూర్చుని ప్రమిదలో వత్తి సరిచేస్తున్నది.

"ఈ రాయి ఎవరిది పాపా?" అని అడిగాడు.

"మా నాయనది."

"మీ నాయన పేరేమి?"

"గాదిలింగడు. కనుమలో సచ్చిపోయి దేవుడైనాడు."

గాదిలింగడు చేతికర్ర మోపుకుని కూర్చున్నాడు. తాను వెళ్ళేనాటికి సంజమ్మ కడుపులో ఉన్న బిడ్డ ఈ పిల్లేనని తెలుస్తూనే ఉన్నది. చేయి చాచాలనిపించింది కానీ చాచలేదు.

"మీ నాయన మంచోడా?" అన్నాడు చివరికి.

"తెల్దు. నేను పుట్టకముందే పోయినాడంట. అయితే నేనేమి చెప్పినా వింటాడు" అన్నది ఆ పిల్ల. ఆమె పేరు మాదక్క.

ఆ మాటతో అతనికి ఏ యుద్ధంలోనూ రానంత భయం వచ్చింది. ఈ పిల్లకు తాను ఎవరని చెప్పాలి? చెబితే ఏమి ఇచ్చినట్టు, ఏమి తీసుకున్నట్టు? ఏమీ చెప్పకుండానే లేచి, ఆమె వెనకాలే ఇంటికి నడిచాడు. సంజమ్మ వాకిట్లో కొర్రలు చెరుగుతున్నది. అడుగుల చప్పుడుకు తల ఎత్తింది. ముఖం చూసింది. చేట కిందపెట్టి లేచి నిలబడి, అతని మోచేయి పట్టుకుని ఉండిపోయింది.

గాదిలింగడు బతికి వచ్చాడన్న మాట ఊరంతా పాకింది. జనం వచ్చి చూశారు. చూసినవారు సంతోషించారు, ఆ తరువాత పొలిమేర రాళ్ళవైపు చూశారు. కనుమలో అందరూ ఒరిగారని ఏటేటా పాడుకుంటున్న పాట ఒకటి ఉన్నది. పూజలందుకుంటున్న రాయి ఒకటి ఉన్నది. ఆ రాతి మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పూజారి చెన్నప్ప మంచివాడే. "గాదిలింగన్నా, నిన్ను చూస్తే కడుపు నిండినట్టుంది. అయితే నీ రాయిని ఏం చేయాల్నో నాకు తెలీడంలే. తీస్తే అరిష్టం, ఉంచితే నీకు అరిష్టం" అన్నాడు. ఊరి పెద్ద నాగిరెడ్డి చావడిలో అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. ఎవరూ తోవ చెప్పలేకపోయారు.

గిడ్డయ్య తల్లి ఎల్లక్క మరునాడు ఉదయం వచ్చింది. గాదిలింగని ముఖంలోకి చూస్తూ, కోపం లేకుండానే అడిగింది.

"అందరూ పోయినారు. నా గిడ్డయ్య పోయినాడు. నువ్వెట్ల మిగిలినావు నాయనా?"

గాదిలింగడు తల వంచుకున్నాడు. దండులో, బండ్లు లాగుతూ, రాత్రుళ్ళు పడుకుని, తనకు తాను ఆ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నాడో అతనికే తెలుసు. ఎల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఎవరూ అతన్ని పొమ్మనలేదు. ఎవరూ కూర్చోమని కూడా అనలేదు. చావడికి వెళితే మాటలు ఆగిపోయేవి. కోతలకు పిలిచేవారు కాదు, అడిగితే కాలు నొప్పి కదా అనేవారు. ఆ కుంటినడక ఎదురైనప్పుడల్లా, తాము అడవిలో క్షేమంగా ఉన్న పూట కనుమలో ఏమి జరిగిందోనన్న ఆలోచన జనానికి వచ్చేది. ఆ ఆలోచనకు ఓర్చుకోలేక పక్క సందులోకి తిరిగేవారు. రాళ్ళకు మాత్రం పూలు తప్పలేదు. తన రాతి ముందు రోజూ దీపం వెలుగుతుంటే, ఆ పక్కనుంచే గాదిలింగడు కట్టెలకు పోయి వచ్చేవాడు.

ఒక తెల్లవారుజామున గొడ్డలి, పార తీసుకుని కనుమకు బయలుదేరాడు. సంజమ్మ మూట కట్టుకుని వెంట నడిచింది. ఇరుగుపొరుగు వారించారు. వీరుని భార్యగా ఆమెకు ఊళ్ళో ఎంతో మర్యాద ఉండేది. జాతరలో మొదటి హారతి ఆమెకే ఇచ్చేవారు.

"రాయికి దండాలు పెట్టి పెట్టి చేతులు నొచ్చినాయి. మనిషి దొరికినాంక ఆ రాయి పక్కన నేనెందుకుండాల?" అన్నదామె.

మాదక్క కూడా తల్లి వెంట పోయింది కానీ కొత్తగా వచ్చిన ఈ మనిషిని నాయనా అని పిలవలేదు. వీలు దొరికినప్పుడల్లా కొండ దిగి, పొలిమేరకు పోయి, రాతి ముందు దీపం పెట్టి కబుర్లు చెప్పుకుని వచ్చేది. గాదిలింగడు ఒక్కనాడూ వద్దనలేదు. చీకటిపడేలోగా రమ్మని మాత్రం చెప్పేవాడు.

కనుమలో గుడిసె వేసుకుని అతడు చేసిన పని ఇదీ. కంపచెట్లు నరికి బాట తెరిచాడు. పొదల్లో, బండల సందుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న తనవాళ్ళ ఎముకలను ఏరి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ పడ్డారో గుర్తు తెచ్చుకుంటూ, ఆ చోటనే గుంత తీసి పూడ్చి, పైన రాళ్ళు పేర్చాడు. బాటపక్కన ఇసుకలో ఊరే చెలమను లోతుచేసి చుట్టూ రాయి కట్టాడు. ఎవరూ అడగని పని అది. దాని సంగతి ఊరికి తెలియదు కూడా.

మరుసటి ఏడాది జాతర దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఎల్లక్క చేనుకాడ మంచె నీడన కునుకు తీస్తుండగా కలలో ఒక ముసలామె కనబడింది. కాళ్ళు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి, చంకన బిందె ఉన్నది.

"ఎల్లీ, ఈ తూరి జాతరకు నేను ఊళ్ళో ఉండను. నా బిడ్డ ఒకడు కనుమ దాటలేక ఆడనే నిలబడిపోయినాడు. ఎదురుపోయి తీసకరావాల. నువ్వు కూడా వస్తావా?" అన్నది.

"ఎవరి బిడ్డ తల్లీ? నా బిడ్డా?" అని ఎల్లక్క ఆత్రంగా అడిగింది.

"నా బిడ్డ అంటిని కదా. నీ బిడ్డ సంగతి వాడే చెబుతాడు పా."

మెలకువ వచ్చి చూస్తే చేనులో ఎవరూ లేరు. ఎల్లక్క ఆ కల ఎవరికీ చెప్పలేదు. పోయిన కొడుకును తలుచుకునే తల్లికి అట్లాంటి కలలు వస్తూనే ఉంటాయని సర్దుకున్నది.

జాతర మంగళవారం నాడు ఎప్పటిలాగే పెద్దమ్మను పల్లకిలో ఎక్కించి, డప్పులతో వీరగల్లుల దగ్గరకు తెచ్చారు. అభిషేకానికి బావినీళ్ళ బిందె మోయడం ఆ ఏడు ఎల్లక్క వంతు. అయితే పొలిమేరలో రాళ్ళ ముందు దించబోతే పల్లకి దిగలేదు. బోయీల భుజాల మీద బండలు పెట్టినంత బరువెక్కింది. ఊరివైపు తిప్పబోతే అడుగు పడలేదు. ఉత్తరం వైపు తిరిగితే మాత్రం పూలబుట్టలాగా తేలికైంది. బోయీలు భయపడ్డారు. చెన్నప్ప కొబ్బరికాయ కొట్టి తప్పులు కాయమని వేడుకున్నాడు. పల్లకి ఉత్తరానికే లాగింది.

"ఆ దిక్కున కనుమ తప్ప ఏముంది సామీ! ఆడికెవరు పోతారు?" అని జనం గుంపుగా వెనక్కి తగ్గారు.

బిందె నెత్తిన పెట్టుకుని నిలబడిన ఎల్లక్కకు కల గుర్తుకు వచ్చింది.

"అమ్మ యాడికి పోతే ఆడికి పోవాల. మనం తీసకపోయేది కాదు ఆమెను" అని ముందుకు నడిచింది. నాగిరెడ్డి ఆమె వెనక అడుగు వేశాడు. ఊరంతా కదిలింది.

కొండ మీద గాదిలింగడు చెలమ గట్టుకు రాయి పెడుతున్నాడు. డప్పుల చప్పుడు కనుమలోకి ఎక్కి వస్తుంటే లేచి చూశాడు. ఊరు ఊరంతా తనవైపే వస్తున్నది. అతనికి ఒక్కటే తోచింది. తన వల్ల జాతరకు ఏదో కీడు జరిగి ఉంటుంది, ఇక్కడినుంచి కూడా పొమ్మనడానికి వస్తున్నారు. గుడిసెవైపు తిరిగి, "సంజమ్మా, సామాను కట్టు" అన్నాడు. పిల్లను దగ్గరకు పిలుచుకుని, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

పల్లకి అతనికి ఎదురుగా వచ్చి నిలిచింది. బోయీలు దించకుండానే భుజాల మీదనుంచి జారి నేలకు ఆనింది. డప్పులు ఆగిపోయాయి. అప్పుడే జనం చుట్టూ చూశారు. బాట పొడవునా శుభ్రంగా పేర్చిన రాళ్ళకుప్పలు, ఒక్కొక్కదాని మీద తంగేడు కొమ్మ కనబడ్డాయి. అవి ఏమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. వాటిని దాటి ఎల్లక్క ముందుకు వచ్చింది.

"ఇందులో నా గిడ్డయ్య యాడుండాడు?"

గాదిలింగడు ఒక కుప్ప చూపించాడు. ఆమె దాని పక్కన కూలబడి రాళ్ళను నిమిరింది. కిందటేడు అడిగిన ప్రశ్న ఈసారి అడగలేదు.

"ఎట్ల పోయినాడు నాయనా? చూసినోడివి నువ్వొక్కడివే. చెప్పు" అన్నది.

గాదిలింగడు ఆమె ఎదురుగా కుంటికాలు చాపుకుని కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట మెల్లగా చెప్పుకొచ్చాడు.

"కడుపులో గుండు దిగింది ఎల్లక్కా. దప్పిక, దప్పిక అన్నాడు. నా తిత్తి చినిగి నీళ్ళన్నీ కారిపోయినాయి. పాక్కుంటా చెలమకాడికి పోయి దోసిట్లో తెచ్చినా. దోవలో సగం కారిపాయ. ఉన్నకాడికి తాగినాడు. ముఖం తెరిపి పడింది. నన్ను చూసి, మా ఎర్రావు ఈనిందో లేదోరా గాదిలింగా, అన్నాడు. అంతే. ఇంకొక దోసిలి తెద్దామని లేచినా. అప్పుడే నాకు తొడలో దిగింది. రెండో దోసిలి తీసకపోలేకపోయినా ఎల్లక్కా. ఎన్ని దేశాలు తిరిగినా అదే మతికొచ్చేది."

ఎల్లక్క కొడుకు మీద పేర్చిన రాళ్ళ మీదికి వంగి, నిద్రపోతున్న పిల్లవానికి చెప్పినట్టు చెప్పింది.

"ఈనింది నాయనా. మనం అడవిలో ఉన్నప్పుడే ఈనింది. పెయ్యదూడ. తల్లిపోలికే. ఇప్పుడు దొడ్లో ఉండేవన్నీ దాని పిల్లలే."

ఆ మాట చెప్పిన తరువాతనే ఆమెకు ఏడుపు వచ్చింది. గాదిలింగనికి కూడా వచ్చింది. సంజమ్మ వచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నది.

కొంతసేపటికి ఎల్లక్క కళ్ళు తుడుచుకుని లేచి, అభిషేకపు బిందె ఎత్తుకుంది. "దోసిలి పట్టు" అన్నది గాదిలింగనితో. పూజారి చెన్నప్ప ఉలిక్కిపడి, "ఎల్లక్కా, అవి అమ్మవారి నీళ్ళు! ఇంకా అభిషేకం కాలేదు" అన్నాడు.

"అమ్మ ఇంత దూరం వచ్చింది ఎవరికోసం సామీ?" అన్నదామె.

చెన్నప్ప పల్లకివైపు చూశాడు, గాదిలింగని వైపు చూశాడు. చాచిన చేయి దించుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఎల్లక్క నీళ్ళు పోసింది. "మొదటిది నువ్వు తాగు. ఇంత దూరం నడిచి వచ్చినోడివి, ఒక్కరన్నా నీళ్ళిచ్చిన పాపాన పోలేదు" అన్నది. అతడు తాగాడు. మళ్ళీ పోసి, "ఇది నువ్వు తీసకపోలేకపోయిన దోసిలి" అన్నది. గాదిలింగడు వేళ్ళు బిగించి పట్టుకుని, ఒక్క చుక్క కారనివ్వకుండా కుంటుకుంటూ వెళ్ళి, గిడ్డయ్య రాళ్ళ మీద పోశాడు.

అప్పుడు నాగిరెడ్డి తలపాగ తీసి చేతులు జోడించాడు. "గాదిలింగా, మా ఆడోళ్ళు, మా పిల్లలు ఈ పొద్దు బతికుండారంటే నీవల్ల, వీళ్ళవల్ల. ఈ మాట నువ్వొచ్చిన పొద్దే చెప్పాల్సింది. చెప్పడం చేతకాక ముఖం తిప్పుకుంటిమి. ఊళ్ళోకి రా" అన్నాడు. వెనకనున్న జనమంతా ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టారు. దండం పెట్టినవారిలో చాలామంది ఆ యుద్ధంనాటికి చిన్నపిల్లలు.

రాతి సంగతి అడిగారు. తీసేయమంటావా అని చెన్నప్ప వినయంగా అడిగితే గాదిలింగడు వద్దన్నాడు.

"మాతోపాటు కనుమలో ఒక పరదేశి కూడా నిలబడినాడు సామీ. ఉప్పు బండ్లతో పోతా పోతా, సంగతి తెలిసి మాతో ఆగిపోయినాడు. పేరు కూడా అడగలేదు మేము. అతనికి రాయి లేదు. నా రాయి అతనికియ్యండి."

అప్పటినుంచి దానిని పరదేశిరాయి అంటున్నారు. ఆ వరుసలో మొదటి పువ్వు దానికే పెడతారు.

ఆ సాయంత్రం మాదక్క అతని పంచె చెరగు పట్టుకుని, "నాయనా, ఆ మామకు నీళ్ళు యాడనుంచి తెచ్చినావో నాకు చూపీ" అన్నది. మొదటిసారి అట్లా పిలవడం. గాదిలింగడు ఆమె చేయి పట్టుకుని చెలమ దగ్గరకు నడిపించుకుపోయాడు.

మరునాడు అమ్మవారిని ఊళ్ళోకి తీసుకుపోదామని ప్రయత్నిస్తే విగ్రహం నేలనుంచి కదలలేదు. ఎదురు వచ్చిన తల్లి చంకన బిందెతో, ముందుకు వేసిన అడుగుతో, ఉత్తరం వైపు ముఖం పెట్టి అట్లాగే నిలిచిపోయింది. ఇంకా రావలసినవాళ్ళు ఉన్నారు కాబోలు అని ఎల్లక్క అన్నదట. ఆమె మాట ప్రకారమే అక్కడ మంటపం కట్టారు. పెద్దమ్మ నాటినుంచి ఎదురేగమ్మ అయింది, ఇరుకుకనుమ ఎదురేగమ్మ కనుమ అయింది. గాదిలింగడు ఊళ్ళో ఇల్లు ఉంచుకుని, పగలంతా ఇక్కడే అమ్మవారి సేవలో ఉంటూ, బాటసారులకు నీళ్ళు పోస్తూ చాలాకాలం జీవించాడు. ఎల్లక్క పోయినప్పుడు కొడుకు స్థానంలో కొరివి పెట్టినది అతడే.

నేటికీ ఉగాది తరువాతి మంగళవారం జాతరలో అమ్మవారి అభిషేకం కంటే ముందు దోసిలి నీళ్ళు అనే తంతు జరుగుతుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఏ ఊరివారైనా, ఏ కులంవారైనా, ఏ మతంవారైనా కనుమకు రావచ్చు. ఊరివారు డప్పులతో బాటమీదికి ఎదురువెళ్ళి తీసుకువస్తారు. ఊరి స్త్రీలలో ఒకరు చెలమనీళ్ళు దోసిట్లో పోస్తారు. మొదటి దోసిలి వచ్చినవారు తాగాలి. రెండవది, రాలేకపోయిన తమ తోటివారిని తలచుకుని రాళ్ళకుప్పల మీద పోయాలి. నీళ్ళు పోసేవారు అనవలసిన మాట ఒక్కటే: "వచ్చినావా నాయనా, కూచో." ఎంతమందిని చంపావు, ఎట్లా బతికావు అని అడగరాదు. వారంతట వారు ఏదైనా చెప్పదలచుకుంటే, చెప్పి ముగించేదాకా డప్పు మోగరాదు, ఎవరూ లేవరాదు. ఏమీ చెప్పకపోయినా సరే, పక్కన కూర్చోవాలి.

కొన్నేళ్ళ కిందట పక్క మండలం నుంచి మౌలాలి అనే విశ్రాంత హవల్దారు మనుమరాలి బలవంతం మీద వచ్చాడు. మంచుకొండల్లో పనిచేసి వచ్చిన మనిషి. ఇంట్లో ఎవరితోనూ ఆ రోజుల గురించి మాట్లాడి ఎరగడు. మొదటి దోసిలి తాగాడు. రెండవ దోసిలి పట్టుకుని రాళ్ళ ముందు నిలబడ్డాడు కానీ పోయలేదు. నీళ్ళు కారిపోతే లక్ష్మక్క అనే ఆ ఊరి ఆమె మళ్ళీ పోసింది. మళ్ళీ కారిపోయాయి, మళ్ళీ పోసింది. అట్లా ఎండ నడినెత్తికి వచ్చింది. పూజారి పంచామృతాల మీద గుడ్డ కప్పి కూర్చున్నాడు. డప్పువాళ్ళు డప్పులు పక్కన పెట్టి కూర్చున్నారు. వేలమంది జనంలో ఒక్కరూ తొందరపెట్టలేదు. చివరికి ఆయన, "మా పటాలంలో బిహారు పిల్లోడు ఒకడుండేవాడమ్మా... నా కంబళి వానికి ఇచ్చినా. సరిపోలేదు" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు చెప్పాడు. లక్ష్మక్క విన్నది, మనుమరాలు విన్నది, జనమంతా విన్నారు. చెప్పడం ముగించి ఆ పిల్లవాని పేరు పలికి నీళ్ళు పోశాడు. ఆనాటి అభిషేకం పొద్దు వాలినాక జరిగింది. అమ్మవారికి ఆలస్యమైందని ఎవరూ అనుకోలేదు.

ఈ కనుమకు రాలేనివారు తమ ఊళ్ళోనే ఈ మొక్కు తీర్చుకోవచ్చునని పెద్దలు చెబుతారు. దేశం కోసం పోయి తిరిగి వచ్చిన మనిషి ఇంటి గడప తొక్కి, చేతికి మంచినీళ్ళిచ్చి, తీరిగ్గా పక్కన కూర్చుని ఆ మనిషి చెప్పింది విన్నవారికి, వారి బిడ్డలు ఏ దూరదేశపు దారిలో ఉన్నా ఎదురేగమ్మ తల్లి ముందుగా ఎదురువెళ్ళి క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.